చిన్నారుల బడిలో నిరీక్షణ జూబిలీ

(ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



నిరీక్షణ అను మాటను గుడిలో పెద్దలకు వివరించుట కష్టము కాదు. రెండవ తరగతి చదివే బిడ్డకు వివరించుట కష్టము. పవిత్ర వత్సరము ముగిసిన తరువాత మన చిన్న బడులలో దాని ఫలము ఏమి మిగిలినది అని ఈ రోజు మనము ఆలోచించవలసి ఉన్నది.

ముందుగా కొద్దిపాటి చరిత్ర. లేవీయకాండము 25వ అధ్యాయములో యాబదియవ సంవత్సరపు జూబిలీని గూర్చి ఉన్నది. ఆ యేడు కొమ్ముబూర ఊదవలెను. బానిసగా పోయినవాడు తన ఇల్లు చేరవలెను. అమ్ముకొన్న భూమి తిరిగి ఆ కుటుంబమునకే రావలెను. నేలకు కూడ విశ్రాంతి ఇవ్వవలెను. తిరుసభలో మొదటి జూబిలీని 1300లో ఎనిమిదవ బొనిఫాసు పోపుగారు ప్రకటించినారు. 1475 నుండి పాతికేండ్లకొకసారి అను పద్ధతి స్థిరపడినది.

2025 జూబిలీని ఫ్రాన్సిస్ పోపుగారు 2024 మే 9న ప్రకటించి, 'నిరీక్షణ యాత్రికులు' అను అంశమును మనకు ఇచ్చినారు. డిసెంబరు 24 రాత్రి పునీత పేతురు దేవాలయపు పవిత్ర ద్వారమును తెరచినారు. రెండు రోజులకే రోము నగరములోని రెబిబ్బియా చెరసాలలో మరియొక ద్వారమును తెరచినారు. 2025 ఏప్రిల్ 21న వారు ప్రభువునందు నిద్రించినారు. 2026 జనవరి 6న ఆ ద్వారమును మూసినవారు పదునాలుగవ లియో పోపుగారు. ఒకరు తెరచినది మరియొకరు మూయుట 1700 జూబిలీలో కూడ జరిగినది. ఉపాధ్యాయుల పని కూడ ఇటువంటిదే కదా! అక్షరములు దిద్దించేది ఒకరు, ఆ బిడ్డ పట్టా పుచ్చుకొన్ననాడు చూచేది వేరొకరు. నాటినవారు పంటను చూడకపోయినా నాటుతూనే ఉండుట నిరీక్షణ.

ఇక పిల్లలకు చెప్పే విధము. జూబిలీ చిహ్నములో సిలువ క్రిందిభాగము ఓడ లంగరు వలె ఉన్నది. సముద్రమును చూడని మన బిడ్డలకు లంగరు ఏమి తెలియును? వారికి తెలిసిన వాటితోనే చెప్పుదము. జనగామ బిడ్డకు తాటిచెట్టు తెలుసు. గౌడన్న చెట్టెక్కినప్పుడు నడుముకున్న మోకు ఆయనను పట్టి ఉంచును. అందుకే రెండు చేతులతో గీత పని చేయగలడు. మహబూబాబాద్ బిడ్డకు మిరప నారు తెలుసు. ఎర్రని కాయ కంటబడుటకు ఎన్నో నెలల ముందే తండ్రి నారు పోసినాడు. భూపాలపల్లి బిడ్డకు సింగరేణి బావి తెలుసు. నాన్న టోపీకున్న దీపము గనినంతా వెలిగించదు, ముందున్న నాలుగు అడుగులే చూపును. అది చాలును, నడవవచ్చును. మోకు, నారు, దీపము. ఈ మూడు చెప్పినచో నిరీక్షణ పాఠము సగము అయినట్లే.

మిగిలిన సగము మనము నడచుకొనే తీరులో ఉన్నది.

మొదటిది తలుపు. పత్తి ఏరేనాడు, మిరపకాయ కోసేనాడు కొందరు పిల్లలు తల్లిదండ్రుల వెంట కూలికి పోతారు. నెల దాటి తిరిగి వచ్చినప్పుడు గుమ్మములో నిలబడిన ఆ బిడ్డకు వినబడే మొదటి మాట ఏది? "ఇన్ని రోజులు ఎక్కడ చచ్చినావు?" అన్నచో మన తలుపు మూసినట్లే. "వచ్చినావా బిడ్డా, రా, కూర్చో" అన్నచో అదే పవిత్ర ద్వారము. ఆ తరువాత పోయిన పాఠములను ప్రక్క బిడ్డ చేత చెప్పించవచ్చును.

రెండవది బాకీ. పిల్లల బాకీలు చిన్నవి: పెన్సిలు, పలక, మాట్లాడుకొనని పంతము. వీటిని ఒక రోజు పెట్టుకొని మాఫీ చేయించుట వారికి ఆట వలె ఉండును. పెద్దల బాకీ మాట వేరు. ఫీజు కట్టలేదని బిడ్డను ప్రార్థనవేళ అందరి ముందు నిలబెట్టుట ఎక్కడ జరిగినా తప్పే. బాకీ తండ్రిది, తల వంచుకొనేది బిడ్డ. పేద దేశముల అప్పులను మాఫీ చేయవలెనని ధనిక దేశములను పోపుగారు ఆ జూబిలీ సందర్భమున కోరినారు. మన వరండాలో మనము వేరొక విధముగా ఉండరాదు. "మరి టీచర్ల జీతములెట్లు?" అని మీరడుగుదురు. న్యాయమైన ప్రశ్న. తండ్రిని పిలిపించి కూర్చుండబెట్టి మాట్లాడుదము; పంట చేతికొచ్చేదాక గడువు ఇద్దము; నిజముగా లేనివారి కొరకు విచారణలో కొంత నిధి కూర్చుదము. బిడ్డను మాత్రము ఆ లెక్కలలోనికి లాగవద్దు.

మూడవది యాత్ర. ఫాతిమానగర్ కతెడ్రలుకు పోగలిగినవారు సంతోషముగా పోయి రావచ్చును. చిన్నపిల్లలకు మాత్రము వాడకట్టులో ఒంటరిగా ఉన్న అవ్వ ఇల్లే చాలినంత యాత్ర. వృద్ధులను, రోగులను మరువవద్దని జూబిలీ ప్రకటన పత్రము చెప్పుచున్నది. మన బడులలో హిందూ, ముస్లిం బిడ్డలున్నారు, తండాల నుండి వచ్చే లంబాడా బిడ్డలున్నారు. అవ్వ ఇంటికి వారందరు కలిసి నడవవచ్చును; ఆ నడకలో ఎవరి మతమును ఎవరు అడుగనక్కరలేదు.

1952లో వరంగల్ మేత్రాసనము ఏర్పడినది. పీమే సభ గురువులు పల్లెలలో గుడితోపాటు బడిని నిలిపినారు. జిల్లాలు 2016లో వేరైనవి గాని మన బిడ్డల కష్టము ఒక్కటే. రోములో ద్వారము మూసినారు. మన బడి తలుపు రేపు ఉదయము మరల తెరచుకొనును. ఆ గుమ్మములో మొదట నిలబడే బిడ్డతో ఏ మాట మాట్లాడుదుమో ఈ రాత్రే నిర్ణయించుకొందము.

దేవుడు మిమ్ములను, మీ బిడ్డలను దీవించును గాక. సెలవు.