పూచీ సంతకం కూడా అప్పే



వడ్డీవ్యాపార చట్టాల గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. అందులో మన కుటుంబాలను ఎక్కువగా దెబ్బతీస్తున్న జామీను సంతకం గురించే ఈ పూట చెబుతాను.

బావమరిది ఆటో కొంటాడు, బావ సంతకం పెడతాడు. మేనల్లుడు దుకాణం తెరుస్తాడు, మేనమామ సంతకం పెడతాడు. ‘పేరుకే కదా భాయ్’ అన్న ఒక్క మాటకు మొహమాటపడి కాగితం చదవకుండానే కలం అందుకుంటాము. కొన్నేళ్లకు ఇంటికి సమన్లు వస్తాయి. ‘నేను ఒక్క రూపాయి కూడా ముట్టలేదు’ అని కోర్టులో చెబుతాము. ఆ మాట నిజమే కావచ్చు, కాని చట్టం దృష్టిలో అది జవాబు కాదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానం. ముందు అప్పు తీసుకున్నవాని ఆస్తి మీద వసూలు చేసుకొని, ఆ తరువాతే హామీదారు వద్దకు రావాలన్న వాదనను 1968లో బ్యాంక్ ఆఫ్ బీహార్ కేసులో సుప్రీంకోర్టు అంగీకరించలేదు. కనుక సంతకానికి ముందే ‘ఇంత మొత్తానికే నా పూచీ’ అని రాయించండి.

హామీదారుకు రక్షణలు లేకపోలేదు. అతని సమ్మతి లేకుండా అప్పు షరతులు మారిస్తే, ఆ తరువాతి లావాదేవీలకు అతనికి బాధ్యత ఉండదని 133వ సెక్షను చెబుతుంది. రుణదాత తన చేతిలోని తాకట్టును పోగొట్టుకుంటే ఆ విలువ మేరకు పూచీ తగ్గుతుందని 141వ సెక్షను చెబుతుంది. అప్పు తానే తీర్చిన హామీదారు దానిని అసలు రుణగ్రహీత నుండి రాబట్టుకోవచ్చు. అయితే కొన్ని అచ్చు ఫారాలలో ఈ హక్కులను వదులుకుంటున్నట్లు ముందే రాసి ఉంటుంది. అందుకే ప్రతి పేజీ చదివించుకోవాలి, ఒక నకలు దగ్గర ఉంచుకోవాలి.

ఇక ప్రైవేటు వడ్డీవ్యాపారి సంగతి. తెలంగాణ కోర్టులలో ఇప్పటికీ ప్రస్తావనకు వచ్చేది నిజాం కాలపు 1349 ఫసలీ నాటి వడ్డీవ్యాపారుల చట్టం. దాని ప్రకారం ఈ వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. లైసెన్సు లేనివాడు వేసిన దావాకు ఆ లోపమే పెద్ద అడ్డంకి. అతడు మాత్రం ‘ఇది వ్యాపారం కాదు, చేబదులు’ అంటాడు. ఒక్కసారి అప్పిచ్చినంత మాత్రాన ఎవరూ వడ్డీవ్యాపారి కారు. అదే పనిగా ఇస్తున్నాడని చూపాలి. అతడే వేసిన ఇతర దావాల ధ్రువీకృత నకళ్లు అందుకు పనికివస్తాయి. రిజర్వు బ్యాంకు నియంత్రణలోని ఫైనాన్సు కంపెనీల మీద ఈ వాదన నిలవదు. వాటికి రాష్ట్రాల వడ్డీవ్యాపార చట్టాలు వర్తించవని 2022 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

ఖాళీ ప్రోనోటు, ఖాళీ చెక్కు మీద సంతకం చేయవద్దు. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన చెక్కులో మొత్తాన్ని మరొకరు నింపినా, అది అప్పు కోసమే ఇచ్చినదన్న భావన సంతకం చేసినవానికి వ్యతిరేకంగానే ఉంటుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ భావనను తొలగించే భారం మన మీదే పడుతుంది. డబ్బు కట్టినప్పుడల్లా నోటు వెనుక చెల్లు రాయించండి, రసీదు తీసుకోండి. అయితే అప్పు తీసుకున్నవాడే సంతకం చేసిన చెల్లుతో మూడేళ్ల గడువు మళ్లీ మొదలవుతుందన్నది మరువవద్దు.

చివరిగా, సమన్లు వస్తే సిగ్గుతో దాచవద్దు. జవాబు దాఖలుకు 30 రోజులు, కోర్టు అనుమతిస్తే 90 రోజుల వరకు గడువు ఉంటుంది. హాజరు కాకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ వస్తుంది, అప్పుడు మన వాదన వినేవారే ఉండరు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

అప్పు చిన్నదైనా పెద్దదైనా గడువుతో సహా రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని సూరె బఖరా 282వ ఆయత్ మనకు బోధిస్తోంది. రాయమని అడగడం బంధువును అనుమానించడం కాదు. రేపు ఆ బంధుత్వం కోర్టు మెట్ల మీద తెగిపోకుండా కాపాడుకోవడం. ఆదుకోగలిగితే ఆదుకుందాము. కాని సంతకం చేసేముందు, ఆ అప్పు మొత్తం రేపు నేనే కట్టవలసి వస్తే నా పిల్లల ఇల్లు నిలుస్తుందా అని ఒక్కసారి ఆలోచిద్దాము.