పరార్థమైన పాదయాత్ర



ఈ కార్తికమాసపు ఉపన్యాసాల వరుసలో నేటి సాయంకాలం "యాత్ర" అన్న విషయాన్ని నాకు అప్పగించినారు. యాత్రను గురించి మీకు నేను కొత్తగా చెప్పవలసినది ఏమున్నది? శివరాత్రికి దోర్నాల దాటి, నల్లమల అడవిలో కాళ్లు బొబ్బలెక్కగా శ్రీశైలం చేరినవారు ఈ మండపంలోనే ఉన్నారు. కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ వెంట రాత్రి అంతా నడచినవారు ఉన్నారు. నడక ఎంత కష్టమో, ఆ కష్టంలో ఎంత హాయి ఉన్నదో మీకు తెలుసును.

మహాభారతంలో అరణ్యపర్వంలో తీర్థయాత్రా ప్రసంగం ఉన్నది. పులస్త్య మహర్షి భీష్మునికి చెప్పిన మాటలను నారదుడు ధర్మరాజుకు వినిపిస్తాడు. యజ్ఞాలు చేయటానికి ధనం కావాలి, సంభారాలు కావాలి, పదిమంది సహాయం కావాలి. దరిద్రునికి అవి దొరకవు. అటువంటివాడు కూడా చేయగలిగిన యజ్ఞం తీర్థయాత్ర అని మహర్షి అంటాడు. అంతటితో ఊరుకోలేదు. ఎవని చేతులు, కాళ్లు, మనస్సు అదుపులో ఉంటాయో వానికే యాత్రాఫలం దక్కుతుందని ఒక నియమం పెట్టినాడు. అనగా కాళ్లు మాత్రమే నడిస్తే చాలదు. చేయి కూడా నడవాలి, మనస్సు కూడా నడవాలి.

ఈ నియమాన్ని నేను చాలా ఏళ్లు చాలా సభలలో చెప్పినాను. దాని అర్థం నాకు తెలిసినది మాత్రం ఆలస్యంగా. అది ఎట్లా తెలిసిందో మనవి చేస్తాను. చెప్పే ముందు ఒక్క మాట. ఈ ప్రసంగంలో రొమ్ము కాన్సరు అనే వ్యాధిని పేరు పెట్టి చెప్పవలసి ఉన్నది. దైవసన్నిధిలో ఆ మాట అనవచ్చునా అని నేనూ సంకోచించినాను. తరువాత ఆలోచిస్తే నాకే నవ్వు వచ్చింది. తల్లి రొమ్ముపాల ఋణం తీరదని ఈ మండపంలోనే ఎన్నిసార్లు అనలేదు? వీరుడు రొమ్ము విరుచుకొని నిలిచినాడని చెప్పినప్పుడు మీరు చప్పట్లు కొట్టలేదా? పాలకు, పౌరుషానికి పనికివచ్చిన మాట రోగానికి మాత్రం సిగ్గు మాట ఎందుకు అయినది? ఈ సిగ్గు మా ఇంటిలో ఒక ప్రాణం తీసింది.

నాకు ఒక అక్క ఉండేది. నల్లరేగడి పల్లెకు ఇచ్చినారు. నాలుగెకరాల మిరప, రెండెకరాల పత్తి. 1993 చివరిలో ఆమెకు ఎడమ రొమ్ములో రేగుపండంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిది రోగమెట్లా అవుతుందని అనుకొన్నది. ఆపైన మిరపకోతలు వచ్చినవి. కూలీలు దొరకని కాలం. కల్లంలో కాయ ఎండుతున్నది, వాన మబ్బు కనబడితే పరుగెత్తి పట్టాలు కప్పాలి. ఆమె ఎవరికీ చెప్పలేదు. భర్తకు చెప్పలేదు, ఈడొచ్చిన కూతురికి చెప్పలేదు, తోడబుట్టిన నాకు చెప్పలేదు. వేపాకు, పసుపు నూరి రాసుకొంటూ రవికె కింద దాచుకొన్నది.

ఆ శివరాత్రికి నేను దోర్నాల నుంచి శ్రీశైలానికి పాదయాత్ర చేసినాను. వెళ్లే ముందు అక్క పులిహోర మూటకట్టి ఇచ్చి, "తమ్ముడూ, నా పేరున కూడా ఒక దండం పెట్టు" అన్నది. ఏమక్కా, ఏమైనా కష్టమా అని నేను అడగలేదు. అందరూ అనే మాటే గదా అనుకొన్నాను. మల్లన్నకు ఆమె పేరున దండం పెట్టినాను. యాభై కిలోమీటర్ల అడవి నడచిన నేను, మా ఇంటికి రెండు వీధుల అవతల ఉన్న అక్క ముఖంలోకి చూడలేదు. గడ్డ పుండు అయి వాసన వచ్చిన తరువాతనే విషయం బయటపడింది. అప్పటికి వైద్యులు చేయగలిగినది నొప్పి తగ్గించటమే. ఆ ఏడు దీపావళి లోపల ఆమె వెళ్లిపోయింది. వయస్సు నలభై ఒకటి.

నా కాళ్లు నడచినవి. చేయి, మనస్సు నడవలేదు. పులస్త్యుని నియమం ఆ రోజున నాకు బోధపడింది.

ఆ అక్క కూతురు చదువుకొని అమెరికా వెళ్లింది. 2018లో ఒకనాడు ఫోను చేసి, "మావయ్యా, నేను మూడు రోజుల నడకకు పోతున్నాను. నీవు చందా ఇవ్వాలి" అన్నది. ఆ నడక కథ వినవలసినది. అక్కడ సూసన్ కోమెన్ అనే ఆమె 1980లో రొమ్ము కాన్సరుతో ముప్పై ఆరేళ్లకే చనిపోయింది. అక్కకు ఇచ్చిన మాట నిలబెట్టుకొనటానికి చెల్లెలు నాన్సీ బ్రింకర్ 1982లో ఒక సంస్థను స్థాపించింది. 2003 నుంచి ఆ సంస్థ కోసం మూడు రోజుల నడక జరుగుతూ వచ్చింది. రోజుకు ఇరవై మైళ్లు, మొత్తం అరవై మైళ్లు. మన లెక్కలో సుమారు 96 కిలోమీటర్లు. గుంటూరులో బయలుదేరి చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల దాటి ఒంగోలు దిక్కుకు సాగినంత దూరం. రాత్రి అయితే గులాబీరంగు గుడారాలలో పడక. నడిచేవారిలో ఆ రోగం వచ్చి బాగుపడినవారు ఉంటారు, తల్లిని పోగొట్టుకొన్నవారు ఉంటారు, భార్య ఫోటో చొక్కాకు తగిలించుకొన్న పురుషులు ఉంటారు.

నడవటానికి ముందు ఒక్కొక్కరూ ఇరుగుపొరుగును, బంధువులను అడిగి చందా కూడగట్టాలి. కనీసం 2,300 డాలర్లు ఉండాలన్న నియమంతో ఆ నడక చాలా ఏళ్లు సాగింది. ఇది మనకు వింత కాదు. తిరుపతి మొక్కు ఉన్న ఇంటివారు, ఎంత కలిగినవారైనా, శనివారంనాడు నామం పెట్టిన చెంబు పట్టుకొని గోవిందనామం చెప్పుతూ పది ఇళ్ల ముందు నిలబడేవారు. పిడికెడు బియ్యం కోసం కాదు గదా అది! నా మొక్కు నా ఒక్కడిది కాదు, ఊరిది అని చెప్పటానికి. అడిగేవాని అహంకారం కరుగుతుంది, ఇచ్చేవానికి యాత్రలో పాలు దక్కుతుంది.

అయినా నేను మూర్ఖంగా ఒక మాట అన్నాను. "నీవు అరవై మైళ్లు నడిస్తే మీ అమ్మ తిరిగి వస్తుందా తల్లీ?" అన్నాను. అది కాసేపు మాట్లాడలేదు. తరువాత ఇట్లా అన్నది: "రాదు మావయ్యా. కాని మూడు రోజులు ఆ రోగం పేరు పైకి అంటూ నడుస్తాను. అమ్మ ఒక్కరోజు కూడా అనలేకపోయింది."

అయ్యా, నలభై ఏళ్లుగా ఉపన్యాసాలు చెప్పుతున్న నాకు ఆ పిల్ల అంతకంటె పెద్ద ఉపన్యాసం చెప్పింది. నేను చందా పంపినాను.

ఆ నడక చివర ఒక ఆచారం ఉన్నదట. రోగం నుంచి బయటపడినవారు సభలోకి వచ్చేటప్పుడు, నడచినవారందరూ కాలి బూటు ఒకటి విప్పి పైకెత్తి వారికి వందనం చేస్తారు. మన దేశంలో చెప్పు చూపటం అవమానం. మొదట వినగానే నాకు ఎబ్బెట్టుగా తోచింది. మరుక్షణం భరతుడు జ్ఞాపకం వచ్చినాడు. రాముని పాదుకలను శిరస్సున పెట్టుకొన్నవాడు ఆయన. అరిగిన పాదరక్షలో నడచినవాని త్యాగం చూడగలిగితే అది పూజాద్రవ్యమే.

నడిస్తే రోగం కుదురుతుందా అని మీలో కొందరికి సందేహం రావచ్చును. కుదరదు. గులాబీ రిబ్బను కూడా అంగడి సరుకు అయిపోయిందని విమర్శించేవారు ఆ దేశంలోనే ఉన్నారు. అందులో నిజం లేకపోలేదు. నడకకు రెండే ప్రయోజనాలు. పరిశోధనకు, పేదల చికిత్సకు డబ్బు. రెండవది, మాట బయటపడటం. మొదటిది ధనవంతుల దేశాలలో ముఖ్యం కావచ్చును. మనకు రెండవదే ప్రాణం.

ఎందుకో చెప్పుతాను. అంతర్జాతీయ అంచనా ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా ఈ వ్యాధి కనబడింది, సుమారు 98,000 మంది దీనితో చనిపోయినారు. మన దేశపు స్త్రీలలో ఎక్కువగా కనబడే కాన్సరు నేడు ఇదే. తొలిదశలో పట్టుకొంటే ఎక్కువమంది బ్రతుకుతారు. ముదిరిన తరువాత వచ్చేవారే మనలో ఎక్కువ. మా అక్క వంటివారు.

తొందరగా పట్టుకోవాలంటే పెద్ద యంత్రాలు కావాలి గదా, పల్లెలో ఎక్కడివి అంటారు. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 1998లో ఒక పరీక్ష మొదలుపెట్టినారు. పేటలలో ఉండే లక్షన్నర మంది స్త్రీలను తీసుకొని, వారిలో సగం మందికి రెండేళ్లకొకసారి, శిక్షణ పొందిన సామాన్య ఆరోగ్య కార్యకర్తల చేత చేతితోనే రొమ్ము పరీక్ష చేయించినారు. యంత్రం లేదు. ఇరవై ఏళ్లు గమనించి 2021లో ఫలితం ప్రకటించినారు. పరీక్ష జరిగినవారిలో రోగం ముందే దొరికింది. యాభై ఏళ్లు దాటినవారిలో ఈ వ్యాధి మరణాలు దాదాపు నూటికి ముప్పై వంతులు తగ్గినవి. చేయి నడిస్తే ఏమవుతుందో చూచినారా? పులస్త్యుడు చెప్పినది ఇదే కాదా?

మన తెలుగునాట కూడా ఆ నడక ఉన్నది. హైదరాబాదులో శస్త్రవైద్యులు డాక్టరు పి. రఘురామ్ గారు, తమ తల్లి ఉషాలక్ష్మి గారికి ఈ వ్యాధి వచ్చిన తరువాత, 2007లో ఆమె పేరుననే ఒక ఫౌండేషన్ స్థాపించినారు. ఆ తల్లి స్వయంగా వైద్యురాలు. తల్లి రోగాన్ని దాచక, తల్లి పేరునే బోర్డు మీద వ్రాయించిన కొడుకు! ఆ సంస్థ ఆధ్వర్యంలో అక్టోబరు మాసంలో గులాబీ రిబ్బను నడక జరుగుతూ వచ్చింది. మూడు రోజులది కాదు, ఒక ఉదయపు నడక. దూరం చిన్నదైనా అనవలసిన మాట ఒకటే.

తల్లులారా, ఇక మీతో మాట్లాడుతాను. గుంటూరు మిరపకు లోకమంతటా పేరు ఉన్నది. ఆ పేరు మీ వ్రేళ్లది. కల్లంలో రాశి ముందు కూర్చొని, ఎర్రకాయ నడుమ ఉన్న తాలుకాయను మీరు రెప్పపాటులో ఏరి పారవేస్తారు. పత్తి తీసేటప్పుడు ఒడిలో పడిన గుల్లలో పురుగు తిన్నది ఏదో మీ చేతికి తెలుస్తుంది. అంత తెలివిగల చేయి తన ఒంటి మీద ఉన్న గడ్డను ఎందుకు గుర్తుపట్టదు? గుర్తుపడుతుంది. నోరే చెప్పదు.

నెలకొకసారి, స్నానం వేళ, మీ రొమ్మును మీరే తడిమి చూచుకొనండి. గడ్డ గాని, చంక కింద బిళ్ల గాని, చర్మం సొట్టపడటం గాని, చనుమొన లోపలికి పోవటం గాని, దాని నుంచి నెత్తురు కారటం గాని కనబడితే ఆ వారంలోనే చెప్పండి. నొప్పి లేదు గదా అని ఊరుకోవద్దు. తొలి గడ్డకు చాలాసార్లు నొప్పి ఉండదు. కనబడ్డ ప్రతి గడ్డ కాన్సరు కాదు, చాలావరకు కాదు. కాదని వైద్యుడు చెప్పాలి గాని మనం అనుకొనరాదు. ముప్పై ఏళ్లు దాటినవారిని పరీక్షించటం ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమంలో భాగమే. ఆశా కార్యకర్తను, ఏయన్నెమ్మును అడగండి. తల్లికి గాని తోబుట్టువుకు గాని వచ్చినవారు మరింత ముందుగా జాగ్రత్తపడాలి.

డబ్బు భయం ఉంటే అది కూడా చెప్పండి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన నాటినుంచి పేద కుటుంబాల కాన్సరు చికిత్సకు ప్రభుత్వ సహాయం దారి తెరచుకొన్నది. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో నాట్కో ట్రస్టు కట్టించిన కాన్సరు కేంద్రం 2020 నుంచి ఉన్నది. మా అక్క నాటికి ఇవి లేవు. మీకు ఉన్నవి.

సోదరులారా, మీకు ఒక్క మాటే. ఈ రోగం అరుదుగా పురుషులకు కూడా వస్తుంది. కాబట్టి నవ్వవద్దు. అంతకంటె ముఖ్యం, అడగండి. ఇంటిలో ఇల్లాలు, అక్క, చెల్లెలు, అమ్మ "నా పేరున ఒక దండం పెట్టు" అంటే, ఎందుకని అడగండి. కోతలు అయిన తరువాత చూద్దామని ఆమె అంటే, కోతలు ఆగుతవి, పద అనండి. గుంటూరు బస్సు ఎక్కించి ఆసుపత్రి మెట్ల దాకా ఆమెతో నడవండి. అది కూడా పాదయాత్రయే.

రాబోయే శివరాత్రికి మీలో అనేకులు శ్రీశైలం నడుస్తారు. తప్పక నడవండి. మాల వేసుకొనే ముందు మాత్రం, మీ వాకిలి నుంచి వంటింటి దాకా ఉన్న పది అడుగులు నడచి, అక్కడ ఉన్న ఆమెను కుశలం అడిగి, జవాబు వచ్చేదాకా నిలబడండి. నేను ఆ పది అడుగులు నడవలేదు. ఆ లోటు తీరదు. మీకు ఆ లోటు రాకూడదనే ఈ నాలుగు మాటలు మనవి చేసినాను.

స్వస్తి.