వణికే చేతులకు ఒక మాట

(రేడియో ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరం మే 12వ తేదీన లోకమంతటా నర్సుల దినము జరుపుకుంటారు. 1820లో ఆ తేదీననే ఫ్లోరెన్స్ నైటింగేల్ జన్మించింది. ఆ రోజున పెద్ద నర్సులను వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పుతాము. మంచిదే. అయితే ఈ సాయంకాలం నేను శాలువా అందుకునే వారిని గూర్చి కాదు, మొన్ననే ఉద్యోగంలో చేరి, డ్యూటీ దిగగానే గది తలుపు వేసుకొని ఏడ్చే మన ఆడబిడ్డలను గూర్చి మాట్లాడాలనుకుంటున్నాను.

మన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో ఇటువంటి బిడ్డలు ఎందరో ఉన్నారు. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండములలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాదులలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనాయి. 2024 జనవరి 31న హైదరాబాదులో దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు ఒకేసారి నియామక పత్రాలు ఇచ్చారు. పత్రం చేతికి వచ్చిన రోజు ఇంటిల్లిపాదికీ పండుగ. కాని మొదటి నైట్ డ్యూటీ ఆ బిడ్డ ఒక్కతే చేయాలి.

జగిత్యాల దగ్గరి పల్లెకు చెందిన ఒక అమ్మాయి నాకు తెలుసు. తల్లి బీడీలు చుట్టి ఆమెను చదివించింది. ఆదిలాబాద్ వైపు ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. అక్కడ రోగులలో చాలామంది గోండి మాట్లాడతారు, ఈమెకు ఆ మాట రాదు. వానాకాలం, జ్వరాల రోజులు. వార్డు నిండా మంచాలు. ఒక సెలైన్ అయిపోతుంటే ఇంకొకరి సూది మందు వేళ అవుతుంది. ఇంతలో ఎవరో తల్లి వచ్చి చెయ్యి పట్టి లాగుతుంది. నెల తిరక్కముందే ఆమె నా దగ్గరికి వచ్చింది. "అయ్యగారూ, నాతోని కాదు. పరీక్షల ఫస్ట్ వచ్చిన. వార్డుల నిలవడితే అన్నీ మర్చిపోతున్న. ఉద్యోగం ఇడిసిపెడ్త" అన్నది.

ఏమైందని అడిగాను. ఒక రాత్రి చిన్న పిల్లవాడికి మందు ఇవ్వాలి. కేస్ షీటులో అంకె ఉంది. అది ఐదా, పాయింట్ ఐదా? చుక్క ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది. అడుగుదామంటే భయం. ముందు రోజే ఒక సీనియర్ అందరి ముందర "ఇన్నేండ్లు సదివి ఇది గూడ తెల్వదా?" అని కసిరింది. సిరంజి పట్టుకొని అయిదు నిమిషాలు అలాగే నిలబడింది. చివరికి వణుకుతూనే డ్యూటీ డాక్టరును లేపింది. అది పాయింట్ ఐదు! చుక్కకు ముందు సున్నా రాయలేదు. అడగకుండా ఇచ్చి ఉంటే పది రెట్ల మందు ఆ పసివాని ఒంట్లోకి పోయేది.

ప్రియులారా, ఆ అమ్మాయి ఈ సంగతి తన చేతగానితనానికి సాక్ష్యంగా చెప్పింది. నేను ఆమెతో, "బిడ్డా, ఆ రాత్రి నువ్వు ఓడిపోలేదు, నర్సువైనావు" అన్నాను.

ఈ భయం ఆమె ఒక్కదానిదే కాదు. బడిలో నేర్చినదానికీ వార్డులో ఎదురయ్యేదానికీ మధ్య కొత్త నర్సుకు తగిలే దెబ్బను గూర్చి అమెరికాలో మార్లిన్ క్రేమర్ అనే నర్సు 1974లోనే ఒక పుస్తకం రాసింది. 1984లో పట్రీషియా బెన్నర్ అనే మరొక నర్సు, ఈ పనిలో మనిషి ఐదు మెట్లు ఎక్కుతుందని వివరించింది. చదువు ముగించి వచ్చిన పిల్ల రెండవ మెట్టు మీద ఉంటుంది. ఒకే విధమైన పనిలో రెండు మూడేళ్లు గడిస్తే గాని మూడవ మెట్టు అందదు. మరి మొదటి నెలలోనే పై మెట్టు మీద లేనని ఏడవడం న్యాయమా?

పరిశుద్ధ గ్రంథములో మోషేను చూడండి. దేవుడు పిలిచినప్పుడు అతడు ఎన్ని సాకులు చెప్పాడు! నేనెంతటివాడనన్నాడు, నోటి మాంద్యమన్నాడు, వేరొకరిని పంపమన్నాడు. దేవుడు అతని భయం పూర్తిగా పోయేదాకా ఆగలేదు. అతని చేతిలో ఏమున్నదో అడిగాడు. గొర్రెలు కాసే కర్ర! దానితోనే పని మొదలైంది. తోడుగా అహరోనును ఇచ్చాడు.

కొత్త సోదరీ, నీ చేతిలోనూ ఒక కర్ర ఉంది. సరియైన రోగి, సరియైన మందు, సరియైన మోతాదు, సరియైన మార్గం, సరియైన వేళ. బడిలో నేర్చిన ఈ ఐదు మాటలు ప్రతి మంచం దగ్గరా తప్పక చూసుకో. వార్డంతా ఒకేసారి తలకెత్తుకోకు. ఎవరికి ముందు ప్రాణాపాయమో అక్కడికి ముందు నడువు. చేసినది వెంటనే రాయి. అనుమానం వస్తే అడుగు. ధైర్యం ముందు వచ్చి పని తరువాత రాదు. వణుకుతూ సరిగ్గా చేసిన పనుల వెనుక ధైర్యం మెల్లగా నడిచి వస్తుంది.

ఇక పెద్దలకు ఒక మాట. నిర్గమకాండము 18వ అధ్యాయములో మోషే ఉదయం మొదలు సాయంకాలం దాకా ఒక్కడే ప్రజలకు న్యాయం తీరుస్తుంటే, మామ యిత్రో చూచి, ఇలాగైతే నీవూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారని హెచ్చరించి, భారం పంచుకునే మనుష్యులను ఏర్పరచుకోమన్నాడు. అంతటి మోషేకే ఒంటరిగా మోయడం తగనప్పుడు, ఇరవై రెండేళ్ల పిల్లకు తగునా? అనుభవం గల సిస్టర్లారా, అడిగిన నోరు మూయించకండి. ఈ రోజు కసిరితే రేపు ఆమె అడగదు; ఆ మౌనానికి మూల్యం మంచం మీదివాడు చెల్లిస్తాడు. తల్లిదండ్రులారా, బిడ్డ ఫోన్‌లో ఏడిస్తే జీతం సంగతి తరువాత. ముందు తిన్నావా, నిద్రపోయావా అని అడగండి. సంఘ పెద్దలారా, ఆదివారం డ్యూటీ వల్ల ఆరాధనకు రాలేని నర్సును తప్పుపట్టక, ఆమె పేరున ప్రార్థించండి.

ఆ అమ్మాయి ఉద్యోగం మానలేదు. ఎక్కడ నొప్పి, నీళ్లు తాగావా అని అడిగేందుకు నాలుగు గోండి మాటలు ఒక ఆయమ్మ దగ్గర నేర్చుకుంది. పోయిన క్రిస్మస్‌కు కలిసి, "ఇంక భయమైతది అయ్యగారూ, కాని ఇప్పుడు అడుగుతున్న" అన్నది. అది చాలు.

ప్రార్థన చేసుకుందాము. దయగల తండ్రీ, ఈ రాత్రి వార్డులలో మేలుకొని ఉన్న నీ కుమార్తెలను జ్ఞాపకము చేసుకొనుము. వణికే చేతులను స్థిరపరచుము. అడిగే వినయమును వారికి, ఓర్పుతో చెప్పే మనసును మాకు దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము, ఆమేన్.