ఏ పనికి ఏ లాంగ్వేజ్

 

ఈ సభ మొదలయ్యే ముందు, ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు నా దగ్గరికి వచ్చి అడిగారు. "సార్, అన్నిటికంటే మంచి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ ఏది? ఇప్పుడు ఏది నేర్చుకోమంటారు?" రెండూ ఒకటే ప్రశ్న అనుకుని అడిగారు. కావు. ఆ తేడా గురించే ఈ కాసేపు మాట్లాడతాను.

రెండోది అమీర్‌పేట ప్రశ్న. 1990ల చివర్లో హైదరాబాద్ అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల ఎక్కడ చూసినా కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్ కోచింగ్ బోర్డులే. పాత ప్రోగ్రాముల్లో ఏడాదికి రెండంకెలే రాసుకున్నందువల్ల 2000 వచ్చేసరికి లెక్కలు తప్పుతాయన్న భయంతో, వాటిని సరిదిద్దేవాళ్ల కోసం అమెరికా కంపెనీలు వెతుకుతున్న రోజులవి. మన జిల్లాల నుంచి బస్సెక్కి వెళ్లిన పిల్లలు హాస్టల్ గదుల్లో ఇరుక్కుని నేర్చుకుని విమానమెక్కారు. ఎన్నో కుటుంబాలు ఆ కోబాల్‌తోనే నిలదొక్కుకున్నాయి. దాన్ని నేనెప్పుడూ తక్కువ చేసి మాట్లాడను. ఆ తర్వాత జావా వచ్చింది, డాట్‌నెట్ వచ్చింది, ఇప్పుడు పైథాన్. బోర్డులు మారాయి కానీ "ప్రస్తుతం ఏది నడుస్తోంది?" అన్న ప్రశ్న మాత్రం మారలేదు. ఏది నడుస్తోందో బజారు చెబుతుంది. ఏది మంచిదో చెప్పడం బజారు వల్ల కాదు.

ఇక మొదటి ప్రశ్న. అన్నిటినీ మించిన ఒక్క లాంగ్వేజ్ కోసం పెద్దపెద్దవాళ్లే ప్రయత్నించారు. శాస్త్రవేత్తలకు 1957 నాటి ఫోర్ట్రాన్, వ్యాపార లెక్కలకు ఆ వెనకే వచ్చిన కోబాల్ ఉండగా, రెండిటి పనీ ఒకటే చేయాలని ఐబీఎమ్ 1964లో పీఎల్/వన్ తెచ్చింది. అది దేని చోటునూ ఆక్రమించలేకపోయింది. 1970లలో అమెరికా రక్షణ శాఖ తన ప్రాజెక్టుల్లో 450కి పైగా లాంగ్వేజ్‌లు వాడుకలో ఉన్నాయని తెలుసుకుని, ఒక్కదానితో సరిపెట్టాలని ఏడా తయారు చేయించింది. దాన్నే వాడి తీరాలన్న నిబంధనను 1997లో వాళ్లే ఎత్తేశారు. అలాగని ఏడా చెడ్డదేమీ కాదు. విమానాల్లో నేటికీ పనిచేస్తోంది, నాకెంతో గౌరవమున్న లాంగ్వేజ్ అది. కానీ 1996 జూన్ 4న ఏరియాన్-5 రాకెట్ తొలిసారి ఎగిరి 40 సెకన్లు తిరగకుండానే ముక్కలైనప్పుడు, దాన్ని దారి తప్పించిన ప్రోగ్రాము ఏడాలో రాసిందే. ఏరియాన్-4 కోసం రాసిన కోడ్‌ను కొత్త రాకెట్‌లోకి తెచ్చారు. కొత్త వేగానికి ఒక విలువ పెరిగిపోయి 16 బిట్లలో పట్టలేదు. తప్పు జరిగిందని ఏడా చెప్పింది. చెబితే ఏం చేయాలన్నది మనుషులు ముందే నిర్ణయించి పెట్టారు. కంప్యూటర్‌ను ఆపేయమన్నారు. అది ఆగిపోయింది.

ఈ కథ విన్నాక చాలామంది "లాజిక్ వస్తే చాలు సార్, లాంగ్వేజ్‌లన్నీ సమానమే" అంటారు. ఈ మాటను నేను అస్సలు ఒప్పుకోను. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపి చూడండి. 0.30000000000000004 అని వస్తుంది. పదో వంతు అనేది బైనరీలో కచ్చితంగా ఇమడదు మరి. కోబాల్‌లో అయితే రూపాయలకు ఎన్ని అంకెలో, పైసలకు ఎన్నో ముందే ప్రకటించి దశాంశంలోనే లెక్క చేస్తాం, పైసా పైసాగానే ఉంటుంది. లక్షల ఖాతాలకు వడ్డీ కట్టే బ్యాంకులో ఇది చిన్న విషయం కాదు. పైథాన్‌లోనూ దశాంశ లెక్కకు వేరే ఏర్పాటుంది, అయితే అది కావాలని అడగాలన్న సంగతి మీకు తెలిసుండాలి. మెమరీని ప్రోగ్రామరే జాగ్రత్తగా చూసుకోవాల్సిన సీ సంగతి చూడండి. తాము ఏటా సరిదిద్దే భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ తప్పులేనని మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు 2019లో చెప్పారు. ఆ తప్పుల్లో చాలావాటిని రస్ట్ అనే లాంగ్వేజ్ కంపైల్ దశలోనే పట్టుకుంటుంది. కాబట్టి ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడే ప్రోగ్రామును ఈరోజు కొత్తగా రాయాలంటే సీ కంటే రస్ట్ మేలని ధైర్యంగా అంటాను. పని పేరు చెప్పండి, ఏది మేలో చెప్పొచ్చు, చెప్పి తీరాలి. పని పేరు లేకుండా మేలన్న మాటకు అర్థమే లేదు.

పనిని బట్టే మేలన్న ఆ సంగతి మనం కూర్చున్న ఈ ఖిలా వరంగల్‌లో కళ్లెదుటే ఉంది. లోపలిది సున్నం లేకుండా పేర్చిన నల్లరాతి గోడ, బయటిది మట్టికోట. రాయి దొరకని ఊరా ఇది? ఇక్కడి రాతి కీర్తి తోరణాలను నిలబెట్టినవాళ్లు ఏమీ తెలియక మట్టి పోయలేదు. 1310లో ఢిల్లీ సైన్యం చేసిన ముట్టడి గురించి రాసిన కవి అమీర్ ఖుస్రో, యంత్రాలు విసిరిన రాళ్లు ఆ మట్టిగోడకు తగిలి వెనక్కి ఎగిరిపడేవన్నాడు. అతను దాడి చేసినవాళ్ల పక్షం మనిషి.

రేపు మీలో ఒకరు ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి కాంటాల లెక్కకు ప్రోగ్రాము రాయాల్సి వచ్చిందనుకోండి. క్వింటాళ్లు, ధర, తరుగు, కమీషన్ పైసాతో సహా తేలాలి. సీజన్లో బస్తాలు వరసకట్టినప్పుడు ఆగకూడదు. మీరు వెళ్లిపోయిన ఐదేళ్లకు దాన్ని విప్పి సరిదిద్దగలిగే మనిషి వరంగల్‌లోనే దొరకాలి. ఈ మూడో షరతు కోసం, సొగసైన లాంగ్వేజ్‌ను పక్కనపెట్టి పదిమందికి వచ్చినదాన్నే ఎంచుకోవాల్సి రావచ్చు. అది రాజీ కాదు, ఇంజనీరింగే.

మీ మొదటి ఉద్యోగంలో ఈ నిర్ణయం మీరు చేరకముందే అయిపోయి ఉంటుంది. చేరిన వారంలోనే అడగండి, దీన్నే ఎందుకు ఎంచుకున్నారని. "క్లయింట్ చెప్పాడు" అంటారు, "మాకు ఇదే వచ్చు" అంటారు, రెండూ నిజమైన కారణాలే. కానీ ఇది ఏ తప్పును ఆపుతుంది, ఏ తప్పుకు దారి వదులుతుంది అని విడమరిచి చెప్పగలిగిన మనిషి ఆ టీమ్‌లో ఒక్కరున్నా, వాళ్ల పక్క సీటు అడిగి తీసుకోండి.