ఉచితముగా దారి చూపు ఫోను

(ప్రసంగ పాఠము)



లారీ డ్రైవర్లు గాని, పంట కొనవచ్చువారు గాని, పెండ్లివారు గాని మన ఊరి పొలిమేరలో బండి నిలిపి దారి అడుగుట నేడు అరుదైపోయినది. ఫోను చెప్పిన మలుపులు తిరుగుచు నేరుగా వచ్చుచున్నారు. ఈ సౌకర్యము ఉచితముగా ఎట్లు దొరికినదో, అందు పంచాయతీలకు గల పని ఏమో నేడు మనవి చేయదలచినాము.

దారి చూపునది ఉపగ్రహమని పలువురు తలచెదరు. ఉపగ్రహమునకు మన ఊరి దారి తెలియదు. అమెరికా ప్రభుత్వము నడుపు జి.పి.యస్. ఉపగ్రహములు తామున్న చోటును, వేళను తెలుపు సంకేతమును మాత్రము ఎడతెగక పంపుచుండును. కనీసము నాలుగింటి సంకేతములు అందినచో యంత్రము తానున్న తావును లెక్కకట్టుకొనును. ఇందుకు రుసుము లేదు. 1983లో దారి తప్పిన కొరియా విమానమును సోవియట్ సేనలు కూల్చివేసిన పిదప, ఈ సౌకర్యమును పౌరులకు కూడ ఇత్తుమని అధ్యక్షుడు రీగన్ ప్రకటించెను. అయినను పౌరులకందు సంకేతములో కావలెననియే కొంత తప్పు కలిపి పంపుచుండిరి. 2000 మే నెలలో ఆ ఆటంకమును తొలగించిరి. నూరు మీటర్ల వరకు రాగల తప్పు పది, ఇరువది మీటర్లకు దిగినది. ఏ వీధిలో ఉన్నామో తెలిసికొనుట అప్పుడు సాధ్యమైనది.

పిమ్మట అమెరికాలోని గార్మిన్, నెదర్లాండ్సులోని టామ్‌టామ్ సంస్థలు కార్లలో అమర్చుకొను చిన్న పెట్టెలను విరివిగా అమ్మినవి. ఆ పెట్టె ఖరీదులో పటము విలువయే ముఖ్యము. ఏ వీధి ఎచట కలియునో, ఏది ఒకవైపు దారియో మనుషులు తిరిగి నమోదు చేయవలెను గదా! టామ్‌టామ్ 2008లో టెలి అట్లాస్ అను పటముల సంస్థను సుమారు 290 కోట్ల యూరోలకు కొన్నదన్నచో ఆ శ్రమ విలువ ఊహింపవచ్చును.

2009 ఆగస్టులో ఐఫోనులో వాడుకొను టామ్‌టామ్ యాప్ ధర అమెరికాలో సుమారు 100 డాలర్లు. రెండు నెలలు గడచినవో లేదో, అక్టోబరు 28న గూగుల్ సంస్థ అట్టి యాప్‌నే ఆండ్రాయిడ్ ఫోనులకు ఉచితముగా ప్రకటించినది. ఆనాడే గార్మిన్, టామ్‌టామ్ వాటాల ధరలు పెద్దయెత్తున పడిపోయినవి. 2010 జనవరిలో నోకియాయు తన పటములను ఉచితము చేసినది. ప్రక్క దుకాణమున ఊరక ఇచ్చు సరుకును వెలకు అమ్ముట ఎవరి తరము? గార్మిన్ విమానములకు, పడవలకు పనికివచ్చు యంత్రములవైపు, చేతి గడియారములవైపు మరలి నిలదొక్కుకొన్నది. టామ్‌టామ్ తన పటములను కార్ల తయారీదారులకు అమ్ముచున్నది.

పెట్టెకు ఒక మేలు లేకపోలేదు. పటము దానిలోనే ఉండుటచే సిగ్నలు లేని అడవిలో కూడ పనిచేయును. ఏజెన్సీ ప్రాంతములకు పోవువారు ఆ పటమును ముందుగానే ఫోనులో దింపుకొనిన మేలు.

ఉచితమన్నను, సంస్థలకు ప్రకటనలవలన ఆదాయము వచ్చును. అంతేకాక మన ఫోనుల కదలికలనుబట్టియే ఏ రోడ్డున రద్దీ ఉన్నదో అవి తెలిసికొనును. అనగా మనము కూడ ఆ పటమునకు కూలి లేని పనివారమే.

ఇక మన పని. 2024 నవంబరులో ఉత్తర ప్రదేశ్‌లోని బరేలీ ప్రాంతమున రామగంగా నదిపై వంతెన ఒకటి వరదలో కొంత కొట్టుకొనిపోయి ఉండెను. ఫోను మాత్రము దారి ఉన్నట్లే చూపినది. దానిని నమ్మి వచ్చిన కారు నదిలో పడి ముగ్గురు మరణించిరి. వంతెనపై తగిన అడ్డు కూడ లేదని పోలీసులు తెలిపిరి. పటము తప్పు ఒక ఎత్తు, అడ్డు లేకపోవుట మరియొక ఎత్తు. ఈ రెండవది ఏ విదేశపు సంస్థయు వచ్చి చేయునది కాదు.

మన ఊళ్లలో చప్టాలు కొట్టుకొనిపోవుట క్రొత్త కాదు. ఎడ్ల డొంకను దగ్గరి దారిగా ఫోను చూపగా లారీలు దిగబడుటయు కలదు. కొత్తపల్లి అను పేరుగల ఊళ్లు ఎన్నియో! రాత్రివేళ 108 అంబులెన్సు వేరొక కొత్తపల్లికి పోయినచో రోగి గతి యేమి? కావున పటములో మన ఊరి పేరు, వార్డుల దారులు, ఆరోగ్య ఉపకేంద్రము, బడి సరిగా ఉన్నవో లేవో ఒకమారు సమావేశములో చూచుకొనుడు. తప్పున్నచో ఫోనునుండియే ఎవరైనను సవరణ పంపవచ్చును. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను పటములో ఎవరైనను స్వయముగా దారులు గీయవచ్చును. ఊరిలో చదువుకొనిన పిల్లలకు ఇది ఒక పూట పని.

రోడ్డు తెగినప్పుడును ఇట్లే తెలుపవచ్చును. అయితే సవరణ పటమున కనబడుటకు కొన్ని దినములు పట్టవచ్చును. అంతవరకు దారికి రెండు ప్రక్కల ముండ్లకంప, ఎఱ్ఱగుడ్డ, రాత్రి ఒక దీపము పెట్టించుడు.