నేర్పుతూ నేర్చుకున్న వేసవి
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



ఒక వేసవి తైవాన్‌లో గడిపి వచ్చాను. పొద్దున పిల్లలకు ఇంగ్లీషు చెప్పడం, సాయంత్రం చైనీస్ నేర్చుకోవడం నా పని.

చైనీస్‌లో స్వరాన్ని బట్టి అర్థం మారుతుంది. ‘మా’ అనే మాటను 4 స్వరాల్లో పలికితే అమ్మ, జనపనార, గుర్రం, తిట్టడం అని 4 అర్థాలు. అక్కడి పిల్లలు ముందు 37 గుర్తుల ‘బోపోమోఫో’ నేర్చి, దానితో అసలు లిపి చదువుతారు.

ఆ భాషలో కాలాన్ని బట్టి క్రియారూపం మారదు. అందుకే పిల్లలు ‘నిన్న’ అని చెప్పి కూడా ఇంగ్లీషులో ‘గో’ అంటారు, ‘వెంట్’ అనరు. చైనీస్ నేర్చుకోబట్టే ఈ చిక్కు నాకు బోధపడింది.

మరో సంగతి. రోమన్ లిపిలో ‘బీ’ అక్షరంతో రాసేది అక్కడ ‘ప’, ‘పీ’తో రాసేది ఒత్తు ‘ఫ’. ఇంట్లో ఉర్దూలో ‘పల్’ అంటే క్షణం, ‘ఫల్’ అంటే పండు అని తేడాగా పలికే మన నోటికి అది సులువే.

మూడు భాషలు పిల్లలకు బరువని కొందరు తల్లిదండ్రులు ఇంట్లో ఉర్దూ మానిపిస్తున్నారు. దయచేసి మానిపించకండి. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు మెట్లు ఎక్కే నేను నాలుగో భాషను అందుకోగలిగాను.

సెలవు. ఖుదా హాఫిజ్.