మేము చదివిన ఒక ఇంగ్లీషు డిటెక్టివ్ నవల

(తడలో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



కరువు భత్యం బకాయిల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి కార్యదర్శిగారు చెప్పవలసిందంతా చెప్పారు. భోజనాలకు ఇంకా అరగంట పైన ఉందట. ఆ ఖాళీ పూడ్చే పని నాకు అప్పగించారు. నేను సాహిత్యవేత్తను కాను. వాణిజ్య పన్నుల శాఖలో పనిచేసి 2011లో రిటైరైనవాణ్ణి. సర్వీసులో ఎక్కువ భాగం చెక్‌పోస్టుల్లోనే గడిచింది. కాబట్టి తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించండి.

మన సంఘంలో ఏడుగురం కలిసి నెలకొకసారి హెడ్మాస్టరుగారి వరండాలో కూర్చుని ఏదో ఒక పుస్తకం చదువుకుంటున్న సంగతి మీకు తెలుసు. ఈసారి మాస్టారిగారి మనవరాలు చెన్నై నుంచి వస్తూ ఒక ఇంగ్లీషు నవల తెచ్చింది. పేరు 'కేస్ హిస్టరీస్'. రాసినావిడ కేట్ అట్కిన్‌సన్. ఇంగ్లండులోని యార్క్‌లో 1951లో పుట్టారు. నవల 2004లో వచ్చింది. 2011లో బీబీసీ వారు టీవీలో కూడా తీశారు. ఉన్నది ఒక్కటే ప్రతి. ఇంగ్లీషు సాఫీగా చదవగలిగినవాళ్ళం ముగ్గురం. మిగతావారికి మాస్టారు వారం వారం తెలుగులో చెప్పుకుంటూ వచ్చారు. పూర్తి కావడానికి నాలుగు నెలలు పట్టింది.

డిటెక్టివ్ నవలంటే మన తరానికి కొత్త కాదు. ఈ సభలో తల నెరిసిన ప్రతివారూ ఏదో ఒక వయసులో కొమ్మూరి సాంబశివరావుగారిని లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివినవారే. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు, ఇన్స్పెక్టర్ స్వరాజ్యరావు మనకు ఇంట్లో మనుషులంత దగ్గర. ఆ కథలు జరిగేది మద్రాసులో. మన తడ నుంచి పాసింజరు ఎక్కితే దిగే ఊరు. ఆ తర్వాత మధుబాబుగారి షాడో వచ్చాడు. ఆరుద్రగారంతటి కవి కూడా డిటెక్టివ్ నవలలు రాశారు.

ఇన్ని చదివినవాళ్ళం కదా అన్న ధీమాతోనే ఈ ఇంగ్లీషు పుస్తకం మొదలుపెట్టాం. మొదటి వారమే ఎదురుదెబ్బ తగిలింది.

యుగంధర్ నవలలో మొదటి పేజీల్లోనే టెలిఫోను మోగుతుంది. ఇక్కడ డిటెక్టివ్ జాడే లేదు. మొదటి అధ్యాయం 1970. కేంబ్రిడ్జిలో ఒక లెక్కల పండితుడి ఇల్లు. నలుగురు ఆడపిల్లలు. ఎండాకాలం రాత్రి తోటలో గుడారం వేసుకుని అక్క పక్కన పడుకున్న మూడేళ్ళ చిన్నపిల్ల ఒలీవియా తెల్లారేసరికి లేదు. రెండో అధ్యాయం 1994. థియో అనే లాయరు ఆఫీసులో, అతని కూతురు లారా పనిలో చేరిన మొదటి రోజునే, ఎవడో పసుపుపచ్చ జెర్సీ వేసుకున్నవాడు లోపలికొచ్చి ఆ పిల్లను చంపి వెళ్ళిపోయాడు. మూడోది 1979. పసిబిడ్డతో సతమతమయ్యే ఒక ఇల్లాలు, గొడ్డలి, చచ్చిపడి ఉన్న భర్త. ఈ మూడూ అయిన తర్వాత గాని జాక్సన్ బ్రోడీ అనే ప్రైవేటు డిటెక్టివ్ రాడు. వచ్చినవాడు కూడా షాడో లాంటివాడు కాడు. ఒకప్పుడు సైన్యంలోనూ, తర్వాత పోలీసులోనూ పనిచేసినవాడు. భార్య విడిపోయింది, చిన్న కూతురుంది. పైగా పంటినొప్పి.

ఇక సభ్యుల అభిప్రాయాలు చెబుతాను. ఎవరి మాట వారిదే. నేను కలిపింది ఏమీ లేదు.

తపాలా శాఖ మిత్రుడు, "పేర్లు గుర్తుండటం లేదయ్యా, ఉత్తరాలకు అడ్రసులు లేనట్టుంది" అన్నారు. దానికి మాస్టారు పాత క్యాలెండరు వెనుక మూడు గళ్ళు గీసి, ఒక్కో కేసులో ఎవరెవరో రాసి గోడకు తగిలించారు. ఆ తర్వాత అందరికీ దారి దొరికింది. ఇలాంటి నవల చదవదలచినవారికి నా సలహా కూడా అదే.

కోర్టులో సూపరింటెండెంటుగా చేసిన మిత్రుడికి అసలు కోపమే వచ్చింది. "ముప్పై నాలుగేళ్ళ నాటి కేసు, పాతికేళ్ళ నాటి కేసు, పదేళ్ళ నాటి కేసు, మూడూ ఒకే ఊళ్ళో ఒకే మనిషి దగ్గరికి ఒకేసారి వస్తాయా? రచయిత్రి తన వీలు కోసం కట్టిన కట్టు ఇది" అన్నారు. పైగా కొన్ని నిజాలు చదివే మనకు తెలుస్తాయే గాని కథలో అందరికీ తెలియవు. "విచారణ అన్నాక తీర్పుండాలి" అని ఆయన వాదన. కాదనడానికి లేదు.

స్త్రీలకు నచ్చింది వేరు. తండ్రి పోయాక ఇల్లు సర్దడానికి వచ్చిన అక్కచెల్లెళ్ళు అమీలియా, జూలియా మాట మాటకీ పోట్లాడుకుంటుంటే మా ఇంటావిడ నవ్వాపుకోలేకపోయింది. "మా పుట్టింట్లో బీరువా తెరిచినప్పుడు ఇంతే" అంది. ఆ సర్దుడులోనే తండ్రి బల్లలో చిన్నపిల్ల ఆడుకున్న నీలం రంగు ఎలుకబొమ్మ దొరుకుతుంది. అప్పటిదాకా నవ్వుతున్నవాళ్ళందరం మాట్లాడలేదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. కొన్ని పేజీలు పిల్లల ముందు పైకి చదవదగ్గవి కావు. మాస్టారు అక్కడ గొంతు సవరించుకుని దాటేశారు.

ఇప్పుడు నా అభిప్రాయం. దీనికి కొంచెం సొంత సంగతి చెప్పుకోవాలి.

నాకొక అన్న ఉండేవాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. మా ఇంటికి డిటెక్టివ్ నవలలు తెచ్చింది వాడే. అద్దె పుస్తకాల కొట్టులో తెస్తే వాటికి తరచుగా చివరి పేజీలుండేవి కావు. హంతకుడెవరో తెలియక నేను గోల చేస్తే అన్న దీపమార్పి, పక్కలో పడుకుని, ముగింపు తనే చెప్పేవాడు. ఇవాళ ఒకణ్ణి హంతకుడంటే రేపు ఇంకొకణ్ణి అనేవాడు. "నిన్న అట్టా చెప్పలేదే" అంటే, "నిన్న నాకు తెలియదురా, ఇవాళ తెలిసింది" అనేవాడు.

1974లో ఉద్యోగం వెతుక్కుంటానని మద్రాసు పోయాడు. రెండు ఉత్తరాలు వచ్చాయి. మూడోది రాలేదు. నాయన పోయి వెతికాడు. పోలీసులకు రాసిచ్చాడు. కొన్నేళ్ళకు ఆచూకీ తెలియలేదని కాగితం వచ్చింది. అంతే. అమ్మ మటుకు సాయంత్రం బస్సు పోయేదాకా వాకిట్లో కూర్చునేది. 1998లో పోయేదాకా కూర్చుంది.

నేను 1986లో తడ చెక్‌పోస్టుకు వచ్చాను. మద్రాసు నుంచి కలకత్తా పోయే రోడ్డు ఇది. రాత్రంతా లారీలు. వే బిల్లు చూడాలి, సరుకు చూడాలి, సీలు వేయాలి. నేను టార్చిలైటు కాగితం మీద వేసి, ఆ తర్వాత డ్రైవరు ముఖం మీద, క్లీనరు ముఖం మీద కూడా వేసేవాణ్ణి. నన్ను చండశాసనుడు అనేవాళ్ళు తోటివాళ్ళు. దొంగ సరుకు పట్టడానికని అనుకునేవాళ్ళు. నేను చూసింది మా అన్న కోసం. ఈ ముక్క సర్వీసులో ఎవరికీ చెప్పలేదు. మా ఇంటావిడకు కూడా మొన్న మాస్టారి వరండాలోనే తెలిసింది.

అక్కడ ఎలా బయటపడిందంటే, థియో సంగతి వచ్చింది. కూతురు పోయి పదేళ్ళు. ఆయన ఇంట్లో ఒక గది నిండా ఆ కేసు కాగితాలే. పోలీసులు వదిలేసినా ఆయన వదల్లేదు. మా సభ్యుడొకరు, "పోయిన పిల్ల తిరిగొస్తుందా? చంపినవాడెవడో తెలిస్తే ఈయనకు ఒరిగేదేమిటి? పిచ్చి కాకపోతే" అన్నారు. ఆయన మంచివారే, మనసులో ఏమీ లేదు. కాని నాకు నోరు ఆగలేదు. టార్చిలైటు సంగతి చెప్పేశాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మాస్టారు లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

అందువల్ల కోర్టు మిత్రుడి ఆక్షేపణకు నేనిలా జవాబు చెబుతాను. మూడు కేసులు ఒక మనిషి దగ్గరికి రావడం వింత కాదు. చెక్‌పోస్టులో మేం చూసింది అదే. ఎక్కడెక్కడి లారీలో, దేనికి దేనితోనూ సంబంధం లేనివి, ఒకే కర్ర దగ్గర వరసగా నిలబడేవి. రిజిస్టరులో పక్కపక్క గళ్ళలో పడేవి. ఎవడి బరువు వాడిది. ఈ నవలలో మనుషులు జాక్సన్ దగ్గరికి వచ్చింది జవాబు కోసమే అయినా, ముందు దొరికింది వినేవాడు. ఆ విన్నవాడికీ చిన్నప్పుడు హత్యకు గురైన అక్క ఉంది. ఆ కేసూ తేలలేదు. అది తెలిశాక పుస్తకం నాకు అర్థమైంది.

తీర్పు ఉండాలన్న మాట మాత్రం నేను కొట్టిపారేయను. ఏడేళ్ళు ఆచూకీ లేని మనిషిని చనిపోయినట్టు భావించవచ్చని సాక్ష్య చట్టం చెబుతుంది. ఆ లెక్కన మా అన్న 1981లో పోయాడు. ఆస్తి కాగితాల్లో అలాగే రాశాం. నేనే సంతకం చేశాను. చేసిన తర్వాత కూడా అయిదేళ్ళకు చెక్‌పోస్టులో టార్చిలైటు వేశాను. చట్టానికి ఒక గడువు కావాలి, లేకపోతే పనులు నడవవు. మనిషికి ఆ గడువు చాలదు. కాగితంలో ముగిసిన కేసు ఇంట్లో ఎలా ముగియదో ఈ నవల చూపించినట్టు మా చిన్ననాటి డిటెక్టివ్ నవలలేవీ చూపించలేదు. అవి చూపించాలని మేమూ కోరలేదు లెండి, అప్పుడు మాకు హంతకుడు దొరికితే చాలు.

2017లో జీఎస్టీ వచ్చాక మా శాఖ చెక్‌పోస్టులు తీసేశారు. ఇప్పుడా రోడ్డు మీద మమ్మల్ని అడిగేవాడు లేడు. చివరి పేజీ లేని పుస్తకానికి నేనూ మా అన్నలాగే రోజుకొక ముగింపు చెప్పుకుంటూ వచ్చాను. ఒకనాడు వాడు బొంబాయిలో బాగా ఉన్నాడు. ఒకనాడు లేడు. ఏదీ నిజమని చెప్పలేను.

మన సభ్యుల ఇళ్ళలో కూడా ఇలాంటివి ఉండవచ్చు. చెప్పుకోవాలనిపిస్తే ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం మాస్టారి వరండాకు రండి. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. కాఫీ ఉంటుంది.

వచ్చే నెల నుంచి విల్కీ కాలిన్స్ రాసిన 'మూన్‌స్టోన్' మొదలుపెడుతున్నాం. 1868 నాటి నవల. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో కొల్లగొట్టిన ఒక వజ్రం కథ. ఒక్కో భాగం ఒక్కో మనిషి చెబుతాడు, అందులో ఒక ముసలి నౌకరు ఉన్నాడు. ఆయన మనకు బాగా నచ్చుతాడని మాస్టారి హామీ. ఈసారి రెండు ప్రతులు తెప్పిస్తున్నాం. చివరి పేజీలున్నాయో లేదో చూసే కొనమని చెప్పాను.

వంటవాళ్ళు సైగ చేస్తున్నారు.  సెలవు.